నాలుగు గొంతులు చాలు: పాత లాటిన్ చర్చి సంగీతాన్ని పాడటం ఎలా

పాలెస్త్రీనా, బర్డ్, విక్తోరియా లాంటి పదహారో శతాబ్దపు చర్చి స్వరకర్తల పేర్లు అనగానే యూట్యూబ్‌లో చూసిన రాతి చర్చి, మూడు వరుసల్లో నిలబడ్డ గాయకులు కళ్లముందుకు వస్తారు. మన దగ్గర అంతమంది ఎక్కడ దొరుకుతారని చాలామంది అక్కడే వదిలేస్తారు. వదలక్కర్లేదు. ఇంగ్లండ్‌లో విలియమ్ బర్డ్ 1592-95 మధ్య మూడు మాస్‌లు (కాథలిక్ పూజలో పాడే పాటల వరుసలు) అచ్చు వేయించాడు: ఒకటి నాలుగు గొంతులకు, ఒకటి మూడింటికి, ఒకటి అయిదింటికి. కాథలిక్ పూజ చేస్తే శిక్ష పడే రోజులవి. అందుకే ఆ పుస్తకాలకు ముఖపత్రం లేదు, అచ్చు వేసినవాడి పేరు లేదు, తేదీ లేదు. పాడినవాళ్లు కాథలిక్ కుటుంబాల ఇళ్లలో గుట్టుగా చేరిన కొద్దిమంది. పార్టుకు, అంటే ఒక్కో గొంతు పాడే వరుసకు, ఒక్కరుంటే ఆ సంగీతానికి సరిపోతుంది.

మీరు ముగ్గురి నుంచి ఎనిమిది మంది దాకా ఉన్నారని, చర్చి క్వయర్‌లోనో కర్ణాటక సంగీతంలోనో గొంతుకు కొంత సాధన ఉందని, లాటిన్ రాదని అనుకుని ఇది రాస్తున్నాను. ముందు అందరూ కలిసి ఒకే వరుస పాడాలి. తర్వాత దాని కింద శ్రుతి, ఆ తర్వాత రెండు వరుసలు, మూడు, ఆఖరున నాలుగు. నేరుగా నాలుగు పార్టులతో మొదలుపెట్టే బృందాలు ఎవరి స్వరాలు వాళ్లు నేర్చుకుంటాయి గానీ పక్కవాళ్లను వినడం నేర్చుకోవు. ఈ సంగీతంలో కష్టమంతా ఆ వినడంలోనే ఉంది.

ఎంతమంది, ఎవరెవరు

పార్టుకు ఒకరు, లేదా పార్టుకు ముగ్గురు. ఇద్దరు మాత్రం వద్దు, మరో దారి లేకపోతే తప్ప. ఒకే స్వరం ఇద్దరు పాడేటప్పుడు వాళ్ల మధ్య వచ్చే చిన్న తేడా కూడా అలలు అలలుగా వినిపిస్తుంది. మూడో గొంతు కలిస్తే అది సర్దుకుంటుంది. ఆరుగురున్నారంటే నాలుగు పార్టుల పాటకు ఇద్దరిని విశ్రాంతిగా కూర్చోబెట్టి, పాట మారినప్పుడు మనుషుల్ని మార్చండి. అందరూ అన్నీ పాడాలన్న పట్టుదల చిన్న బృందాలను పాడుచేస్తుంది.

ఆడవాళ్లే ఉన్న బృందం, మగవాళ్లే ఉన్న బృందం, రెండూ పనికొస్తాయి. చర్చిల్లో పై పార్టులను బాలురో, సన్నగొంతుతో పాడే మగవాళ్లో పాడేవారు. కాన్వెంట్లలో సన్యాసినులే పాడుకునేవారు. బింగెన్ హిల్డెగార్డ్ (1098-1179) తన పాటలు రాసుకుంది తన మఠంలోని స్త్రీల కోసమే. స్పెయిన్‌లో బుర్గోస్ దగ్గర లాస్ ఉయెల్గాస్ కాన్వెంటులో 1300 ప్రాంతపు చేతిరాత పుస్తకం ఒకటి ఇప్పటికీ ఉంది, నిండా రెండు మూడు గొంతుల పాటలతో.

చేయి ఊపే కండక్టర్ అక్కర్లేదు. రిహార్సల్లో చివరి మాట ఎవరిదో మాత్రం ముందే తేల్చుకోండి, లేకపోతే ప్రతి ఊపిరి దగ్గరా చర్చ మొదలవుతుంది.

ఏ పాటలు, ఏ వరుసలో

మొదటిది గ్రెగోరియన్ చాంట్, అంటే అందరూ కలిసి ఒకే వరుసగా పాడే పాత లాటిన్ చర్చి పాట. ‘సాల్వే రెజీన’ సాదా వరుస, ‘వెని క్రెయాతొర్’, ‘ఆవె మారిస్ స్తెల్ల’, చాంట్ పుస్తకాల్లో పదకొండోదిగా ఉన్న మాస్‌లోని ‘కీరియె’ ఏ బృందానికైనా అందుతాయి.

రెండో మెట్టుకు మోన్సెర్రాత్ ఎర్ర పుస్తకం కంటే మంచిది నాకు తెలియదు. బార్సిలోనా దగ్గరి కొండమీద మఠానికి వచ్చే యాత్రికులు రాత్రంతా చర్చిలో జాగారం చేస్తూ పాడాలని, ఆడాలని కోరుకునేవారు. పాడేవేవో భక్తిగా ఉండేవి పాడండని సన్యాసులు 14వ శతాబ్దం చివర్లో ఈ పాటలు రాసి ఇచ్చారు. వీటిలో ‘ఓ విర్గో స్ప్లెందెన్స్’ లాంటివి కానన్‌లు: ఒకే వరుసను ఒకరి తర్వాత ఒకరు ఎత్తుకోవడమే. వరుస ఒకటి నేర్చుకుంటే రెండు, మూడు గొంతుల పాట వచ్చేసినట్టే.

మూడోది 15వ శతాబ్దపు స్వరకర్త గియోమ్ ద్యుఫాయ్ స్తోత్రాలు, ముఖ్యంగా ‘ఆవె మారిస్ స్తెల్ల’. ఒక చరణం చాంట్‌లో, తర్వాతి చరణం మూడు గొంతుల్లో, మళ్లీ చాంట్. మూడు గొంతుల చోట కాగితం మీద రాసి ఉండేవి పై పార్టు, కింది పార్టు మాత్రమే. మధ్యలో ఉండే గొంతు పైదాన్ని అనుసరిస్తూ నాలుగు స్వరాల కింద నడుస్తుంది. ఫోబుర్డాన్ అనే ఈ పద్ధతి మూడు గొంతుల పాటకు ఉన్న అతి తేలికైన తలుపు.

ఆ తర్వాత బర్డ్ మూడు గొంతుల మాస్. అందులో ‘కీరియె’ పేజీలో కొంత భాగానికే అయిపోతుంది, అందరూ కలిసి పలికేదే. నాలుగు గొంతులకు విక్తోరియా ‘పొపులె మెయుస్’తో మొదలుపెట్టండి. 1585లో రోమ్‌లో అచ్చయిన పవిత్ర వారపు సంగీతంలోది, గుడ్ ఫ్రైడేకి. ‘నా ప్రజలారా, నేను మీకేం చేశాను?’ అన్న ప్రశ్న. అందరూ ఒకే మాటను ఒకేసారి పలుకుతారు కాబట్టి దృష్టంతా శ్రుతి మీద పెట్టొచ్చు. గొంతులు ఒకదానితో ఒకటి అల్లుకుంటూ నడిచే మోటెట్ (లాటిన్ భక్తి పాట) పాడే ధైర్యం వచ్చాక పాలెస్త్రీనా ‘సీకుత్ చెర్వుస్’ తీయండి. ‘దుప్పి నీటివాగుల కొరకు ఆశపడునట్లు’ అనే 42వ కీర్తనే అది. నాలుగు గొంతులు పైనుంచి కిందికి సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్. ఇందులో టెనర్ ఒంటరిగా ఎత్తుకుంటుంది, తర్వాత ఆల్టో, తర్వాత మిగతావాళ్లు.

మధ్యయుగపు ఫ్రెంచ్ స్వరకర్తలు పెరోతాన్ రాసిన ‘విదెరుంత్ ఒమ్నెస్’, మాషో రాసిన మాస్ వినడానికి అద్భుతం. మొదటి ఏడాది వాటి జోలికి పోకండి.

ప్రొటెస్టెంట్ చర్చిలో పాడబోతుంటే మరియమ్మ స్తోత్రాలు పక్కన పెట్టి కీర్తనల మాటలున్నవి ఎంచుకోండి. ఇంగ్లిషే కావాలంటే థామస్ టాలిస్ ‘ఇఫ్ యీ లవ్ మీ’ ఉంది, 1565లో అచ్చయింది, యోహాను సువార్త 14వ అధ్యాయంలోని మాటలు. కాథలిక్ ఫాదర్‌గారు లాటిన్ ఎందుకని సందేహిస్తే, 1963లో రెండో వాటికన్ మహాసభ ఆరాధన గురించి ఇచ్చిన పత్రమే గ్రెగోరియన్ చాంట్‌కు మొదటి స్థానం ఇచ్చిందని, బహుగొంతుల సంగీతాన్నీ కాదనలేదని వినయంగా గుర్తు చేయొచ్చు.

కాగితాలు

కోరల్ పబ్లిక్ డొమైన్ లైబ్రరీలో, ఐఎంఎస్‌ఎల్‌పీలో దాదాపు అన్నీ ఉచితంగా దొరుకుతాయి. చాంట్‌కు గ్రెగోబేస్. ఒక పాటకు పది ప్రతులుంటే మొదట కనిపించింది దించుకోకండి. ఎవరు సిద్ధం చేశారో, స్థాయి మార్చారో లేదో చెప్పి, అసలు క్లెఫ్‌లు (ఏ గీత మీద ఏ స్వరమో చెప్పే గుర్తులు) ఏవో మొదటి గీతకు ముందు చిన్నగా చూపించిన ప్రతి మంచిది. ఆ క్లెఫ్‌లు పనికిమాలిన అలంకారం కాదు. పై పార్టుకు జి క్లెఫ్, కింది పార్టుకు మామూలు బేస్ క్లెఫ్ కాకుండా ఇంకాస్త ఎత్తైనది ఉంటే, ఆ పాటను రాసినదానికంటే సుమారు నాలుగైదు స్వరాలు దించి పాడేవారని అర్థం. రాసిన ఎత్తుకు కట్టుబడాల్సిన పని ఎలాగూ లేదు. కర్ణాటకంలో సా ఎక్కడైనా పెట్టుకున్నట్టే, మీ బృందంలో అతి కింది గొంతుకు, అతి పై గొంతుకు రెండింటికీ కుదిరేచోట పెట్టుకోండి. పెట్టుకున్నాక మాత్రం ప్రతి రిహార్సల్లో అదే ఎత్తు, ఎందుకంటే గొంతు కండరాలు ఎత్తును గుర్తుపెట్టుకుంటాయి.

లాటిన్‌ను తెలుగు నోటితో

ఇక్కడ మనకు మంచి సదుపాయం ఒకటుంది. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు ఏళ్ల తరబడి కష్టపడే శుద్ధమైన అ, ఎ, ఇ, ఒ, ఉ మనకు పుట్టుకతో వచ్చినవే. ఒత్తులూ అంతే: ‘తొల్లిస్’, ‘పెక్కాత’ అని లాటిన్ ద్విత్వాలను మనం ఆలోచించకుండా పలుకుతాం. కానీ లాటిన్‌ను ఇంగ్లిష్ అక్షరాల్లో చూసేసరికి నోరు స్కూల్లో నేర్చిన ట, డలకు వెళ్లిపోతుంది. డొమినస్ కాదు, దొమినుస్. ‘ఎట్ ఇన్ టెర్రా’ కాదు, ‘ఎత్ ఇన్ తెర్ర పక్స్ ఒమినిబుస్’. మొదటి రిహార్సల్‌కు ముందే పాట మొత్తాన్ని తెలుగు లిపిలో రాసి అందరికీ ఇవ్వండి. సగం సమస్య అక్కడే తీరుతుంది.

మిగతా నియమాలు కొద్దే, ఇటలీ చర్చి పద్ధతిలో. ఎ, ఇల ముందు సి అక్షరం చ అవుతుంది, జి అక్షరం జ అవుతుంది: ‘చేలి’, ‘రెజీన’. ‘ఆగ్నస్’ అని రాసినట్టుండేది ‘ఆన్యుస్’. ‘గ్రాత్సియ’లో త్సి. ‘ఎక్‌షెల్సిస్’లో షె. హెచ్ పలకదు, ‘మీకి’, ‘నీకిల్’ అనే రెండు మాటల్లో మాత్రం క అవుతుంది. బర్డ్ కాలపు ఇంగ్లండ్‌లో లాటిన్ ఇలా వినిపించేది కాదు, జర్మనీలో మరోలా ఉండేది. ఆ తేడాలు రెండో ఏడాది చూసుకోవచ్చు.

మనకే ఉన్న రెండు అలవాట్లను పట్టుకోవాలి. ఒకటి, మాట మొదట్లో ఎ వస్తే య కలపడం, ఒ వస్తే వ కలపడం. ‘యెత్’, ‘వొమ్నెస్’ అని నలుగురూ ఒకేసారి అంటే వినేవాళ్లకు ఏదో జారినట్టు ఉంటుంది. రెండోది, హల్లుతో ముగిసే మాటకు చివర ఉకారం తగిలించడం. ‘దెయుసు’ కాదు, ‘దెయుస్’. ఆ చివరి స అందరి నోటా ఒకే క్షణంలో, పొట్టిగా పడాలి. దాన్ని ఒక్కరికే అప్పగించి మిగతావాళ్లు మింగేసినా తప్పు లేదు, చాలా బృందాలు చేసే పనే.

మాటలో ఎక్కడ నొక్కాలో తెలియకపోతే పాట నిలబడదు. రెండక్షరాల మాటలకు ఎప్పుడూ మొదటిదే. అంతకంటే పొడవైన వాటికి చాంట్ పుస్తకాల్లో గుర్తు పెట్టి ఉంటుంది. ప్రతి మాట కింద తెలుగు అర్థం పెన్సిల్‌తో రాసుకోండి, వాక్యం మొత్తానికి కాదు, మాటకు మాట. ‘మిసెరేరె’ పాడుతున్నప్పుడు అది కరుణించమని అడగడమని తెలిసిన గొంతు వేరేగా ఉంటుంది.

ముందు ఒకే వరుస

చాంట్ నాలుగు గీతల మీద చదరపు గుర్తుల్లో ఉంటుంది. ఎడమ చివర ఉన్న క్లెఫ్ ‘దో’ (కొన్నిచోట్ల ‘ఫా’) ఎక్కడో చెబుతుంది, అంతే. అది ఏ ఎత్తులో ఉండాలో చెప్పదు. ఒకదానిమీద ఒకటి నిలువుగా రెండు చుక్కలుంటే కిందిది ముందు. ఇంత తెలిస్తే ఒక సాయంత్రంలో చదవడం మొదలుపెట్టొచ్చు. దో-రే-మీల అసలు పుట్టుక కూడా ఇక్కడే: 11వ శతాబ్దంలో అరెద్సో గురువు గుయిదో, బాప్తిస్మమిచ్చు యోహాను స్తోత్రంలో ప్రతి పాదం ఒక్కో మెట్టు పైనుంచి మొదలవుతుందని చూపించి, ఆ పాదాల మొదటి అక్షరాలనే స్వరాల పేర్లు చేశాడు.

లయ గురించి పండితులు నూరేళ్లకు పైగా వాదించుకుంటున్నారు. ఫ్రాన్స్‌లోని సొలెమ్ మఠం అన్ని స్వరాలనూ దాదాపు సమంగా, రెండు మూడుగా గుంపుచేసి పాడే పద్ధతిని ప్రచారం చేసింది. తర్వాత అదే మఠానికి చెందిన యూజేన్ కార్దీన్ పదో శతాబ్దపు చేతిరాతల్లోని సూక్ష్మ గుర్తులు చదివి, స్వరాలన్నీ సమం కావని చూపించాడు. మీరు పక్షం తీసుకోనవసరం లేదు. మాటను ముందు గట్టిగా, మామూలుగా, అందరూ కలిసి చదవండి. ఆ చదివిన వేగంతోనే పాడండి.

కీర్తనలను చాంట్ వరుసలో పాడటం ఊపిరికి మంచి శిక్షణ. రెండు జట్లుగా ఎదురెదురుగా నిలబడి చరణం మార్చి చరణం పాడండి. వచనం మధ్యలో నక్షత్రం గుర్తు దగ్గర అందరూ ఆగాలి. ఎంతసేపని లెక్కపెట్టొద్దు. ఎవరూ సైగ చేయకుండా మళ్లీ అందరూ కలిసి మొదలయ్యే దాకా దీన్నే చేయండి. అది కుదిరిన రోజు మీది బృందం అయినట్టు.

కర్ణాటకం నేర్చుకున్నవాళ్లకు ఒక మాట. చాంట్ వరుసలను ఎనిమిది మోడ్‌లుగా, అంటే మన రాగాల్లాంటి గుంపులుగా విడదీస్తారు. మొదటి మోడ్ స్వరాలు చూడగానే ఖరహరప్రియ అనిపిస్తుంది, మూడోది తోడి, ఎనిమిదోది హరికాంభోజి. మేళం వరకు నిజమే. కానీ గాంధారం కంపించకూడదు, జారు ఉండకూడదు. స్వరం నిలకడగా ఉండాలి, అలాగని ప్రాణం లేకుండానూ ఉండకూడదు. పైగా మొదటి మోడ్‌లో ధైవతం చాలాచోట్ల మెత్తబడుతుంది (అర స్వరం దిగుతుంది), దానితో మేళమూ మారిపోతుంది. మోడ్‌ను పట్టుకోవాలంటే మేళం కాకుండా రెండు స్వరాలు చూడండి: వరుస ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ ఎక్కువసేపు తిరుగుతుంది. మొదటి మోడ్‌లో అవి సా, పా. అందుకే తంబురా అక్కడ చక్కగా అతుకుతుంది. ఎనిమిదో మోడ్‌లో అవి సా, మా, కాబట్టి మధ్యమ శ్రుతి పెట్టుకోండి. మూడో మోడ్‌లో పంచమం వినిపిస్తే పాట వద్దంటుంది, ఉత్త సా చాలు. ఈ తంబురా సాధనకే. చాంట్‌కు కింద శ్రుతి పట్టడం పశ్చిమ చర్చిలో నియమం కాదు, అయినా హిల్డెగార్డ్ పాటలకు నేటి బృందాలు చాలా వరకు అలాగే పాడతాయి, వినడానికి బాగానే ఉంటుంది.

రెండో గొంతు చేరినప్పుడు

తొమ్మిదో శతాబ్దపు పద్ధతితో మొదలుపెట్టండి. సగంమంది చాంట్ పాడతారు, మిగతా సగం అదే వరుసను అయిదు స్వరాల కింద పాడతారు. పంచమం పూర్తిగా కలిసిపోయి, పైన ఎవరో మరొకరు పాడుతున్నట్టు వినిపించాలి. వినిపించకపోతే నోటితో పలుకుతున్న అచ్చు (అ, ఎ, ఇ లాంటిది) చూడండి, చాలాసార్లు తప్పు స్వరంలో కాదు, అచ్చులో ఉంటుంది. ఒకరి అ కొంచెం ఒ వైపు వెళ్లినా పంచమం చెదురుతుంది.

దాని తర్వాత కానన్, తర్వాత ద్యుఫాయ్. నాలుగు గొంతుల పాటకు వచ్చాక కూడా జంటలుగానే సాధన చేయండి. నాలుగు పార్టులకు ఆరు జంటలు. 15వ శతాబ్దపు పాటల్లో సొప్రానో, టెనర్ జంటే వెన్నెముక. ఆ రెండూ విడిగా పాడినా పాట అర్థవంతంగా ఉంటుంది. కాబట్టి ముందు ఆ జంట, తర్వాత టెనర్‌తో బేస్, ఆల్టో ఆఖరున. ఆల్టోకు ఇది కోపం తెప్పిస్తుంది గానీ, ఆల్టో పాడేవాళ్లే ఆ పాటను అందరికంటే బాగా తెలుసుకుంటారు.

శ్రుతి

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. కీబోర్డులో సా నుంచి అంతర గాంధారం 400 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు). నిజంగా కలిసిపోయే గాంధారం 386. ఆ 14 సెంట్ల తేడా ఒంటరిగా వింటే తెలియదు. ముగ్గురు గొంతులు నిలిపి పాడినప్పుడు గరగరగా తెలుస్తుంది. తంబురా తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు, సా తీగ మోగుతుంటే దానిలోంచి వినిపించే గాంధారమే ఇది. సాధన ఇలా: ఒకరు సా, ఒకరు పా పట్టుకోవాలి. మూడో మనిషి గాంధారాన్ని కొంచెం పైనుంచి ఎత్తుకుని, అలలు ఆగిపోయే దాకా నెమ్మదిగా దించాలి. ఆగిన చోటు తెలిశాక ముగ్గురూ స్థానాలు మార్చుకోవాలి. గాంధారం పాడేవాళ్లు మిగతా ఇద్దరికంటే మెత్తగా పాడాలి. సాధారణ గాంధారం దీనికి తిరకాసు: కీబోర్డు కంటే 16 సెంట్లు పైన ఉంటుంది, కాబట్టి విషాదంగా ఉందని దాన్ని దించకండి.

ఇది 15వ శతాబ్దం చివరి నుంచి వచ్చిన సంగీతానికి. మాషో, పెరోతాన్ లాంటివాళ్ల దగ్గర లెక్క వేరు. వాళ్లకు పంచమం, పై సా మాత్రమే విశ్రాంతి, గాంధారం కదిలిపోవాల్సిన స్వరం. దాన్ని పంచమాల లెక్కతో 408 సెంట్ల దగ్గర, పదునుగా పాడాలి. అది పైకి లాగి పంచమంలో పడుతుంది. అదే గాంధారాన్ని తియ్యగా కలిపితే మధ్యయుగపు పాట చప్పగా అయిపోతుంది.

408కీ 386కీ మధ్య తేడా మన శాస్త్రకారులు ప్రమాణ శ్రుతి అనేదే, సుమారు 22 సెంట్లు. దాని వల్ల మీకొక ఇబ్బంది వస్తుంది. సా కార్డు (సా మీద కట్టి కలిపి పాడే స్వరాల గుంపు) నుంచి దా, రీ, పా కార్డుల మీదుగా తిరిగి సాకు వచ్చే దారిలో ప్రతి కార్డునూ ముందుదానితో శుద్ధంగా కలిపితే, తిరిగొచ్చిన సా అసలు సా కంటే ఒక ప్రమాణ శ్రుతి కింద ఉంటుంది. అలా అయిదు చుట్లు తిరిగితే అర స్వరం దిగిపోతారు. ఇది మీ చెవి లోపం కాదు. ఇటలీ గణితవేత్త జొవాన్ని బత్తిస్తా బెనెదెత్తి 1585 నాటికే లెక్క కట్టి చూపించాడు. విరుగుడు: టెనర్ తన వరుసను ముందు తంబురాతో ఒంటరిగా నేర్చుకుని దాన్ని కదలనివ్వకూడదు, మిగతావాళ్లు దానికి సర్దుకోవాలి. నడుస్తున్న చోట గాంధారాలు కాస్త అటూ ఇటూ ఉన్నా పర్వాలేదు, ఆగే చోట మాత్రం నిక్కచ్చిగా ఉండాలి. అప్పటికీ పావు స్వరం దిగితే దిగనివ్వండి. మధ్యలో ఒకరు గుర్తొచ్చి పైకి లాగితేనే అసలు ప్రమాదం.

స్వరాలు నేర్చుకోవడానికి మొదటి రోజు కీబోర్డు వాడుకోండి. రెండో రోజు నుంచి మూత వేసేయండి. ఒక ట్యూనింగ్ ఫోర్క్, తంబురా యాప్ చాలు.

తాళం

అసలు చేతిరాతల్లో నేటి కాగితాల్లోలా తాళాన్ని విడగొట్టే అడ్డగీతలు లేవు. ప్రతి పార్టూ విడిగా ఉండేది. పెద్ద పుస్తకం ఒకటి పీఠం మీద పెట్టి అందరూ దాని చుట్టూ నిలబడి పాడేవారు. చేయి కిందికి, పైకి, అదే తాక్తుస్. మిలాన్‌లో గాఫూరియుస్ 1496లో దాని వేగాన్ని నెమ్మదిగా ఊపిరి తీసే మనిషి నాడితో పోల్చాడు. ఆదితాళం వేసిన చేతికి ఇది తేలిక, ఒక్క జాగ్రత్తతో: కింది దెబ్బ మీద నొక్కు లేదు. నొక్కు మాటది. నాలుగు పార్టుల్లో ఒకే మాట నాలుగు వేర్వేరు చోట్ల వస్తుంది కాబట్టి నాలుగు నొక్కులూ వేర్వేరు క్షణాల్లో పడతాయి. అడ్డగీత తర్వాతి స్వరాన్ని అందరూ కలిసి గుద్దితే అల్లిక విప్పేసినట్టే.

దీనికి మంచి కసరత్తు, స్వరాలు లేకుండా ఎవరి పార్టు మాటలను వాళ్లు లయలో పలకడం. గోలగా ఉంటుంది, నవ్వొస్తుంది. కానీ ‘సీకుత్’ అన్న మాట ఒకరి నుంచి ఒకరికి ఎలా చేరుతోందో మొదటిసారి అందరికీ వినిపిస్తుంది. కొత్తగా ఎత్తుకునేవాళ్లకు చోటిచ్చి, ఎత్తుకుని సాగుతున్నవాళ్లు తగ్గాలి. కాగితంలో బిగ్గర, మెల్లగా అనే గుర్తులు ఉంటే అవి తర్వాతి కాలపు సంపాదకులవి, కొట్టేయొచ్చు.

ఒకరు స్వరాన్ని పట్టి ఉంచగా కింది గొంతు కదిలి దానితో ఢీకొనే చోట్లను పెన్సిల్‌తో చుట్టండి. పట్టి ఉంచిన గొంతు ఆ ఢీ దగ్గర కొద్దిగా పెరగాలి, తర్వాత ఒక మెట్టు దిగేటప్పుడు తగ్గాలి. పాలెస్త్రీనాలో భావమంతా ఈ చిన్న ఒత్తిడి, సడలింపుల్లోనే ఉంది. పార్టుకు ఒక్కరే కాబట్టి పక్కవాళ్లు పాడుతుండగా ఊపిరి దొంగిలించే వీలు లేదు. మాట అయ్యాక తీసుకోండి, అందుకోసం ముందున్న స్వరాన్ని పొట్టి చేయండి, తర్వాతిదాన్ని ఆలస్యం చేయకండి.

కాగితంలో లేని స్వరాలు

ఆనాటి గాయకులకు తెలుసు కాబట్టి కొన్ని స్వరాలను ఎక్కించడం, దించడం రాసేవారు కాదు. దీన్ని మూసికా ఫిక్తా అంటారు. ముగింపు దగ్గర రెండు గొంతులు విడిపోయి ఒకే స్వరపు కింది, పై స్థాయిల మీద ఆగబోతుంటే, పై గొంతు ఆగే ముందు అర స్వరం దూరంలో ఉండాలి. ఎఫ్, బి స్వరాలు ఎదురుపడితే బిని దించాలి. ‘లా’ పైన ఒక్క మెట్టు ఎక్కి వెంటనే దిగితే ఆ మెట్టు మెత్తనిది. నేటి ప్రతుల్లో సంపాదకులు ఈ సూచనలను స్వరం పక్కన కాక నెత్తిమీద చిన్నగా వేస్తారు. అది సలహా, ఆజ్ఞ కాదు. రెండు రకాలుగా పాడి చూసి ఒకటి తేల్చుకుని అందరి కాగితాల్లో రాసుకోండి. బర్డ్, టాలిస్‌లలో మాత్రం ఒక గొంతులో ఎక్కిన స్వరం, ఇంకో గొంతులో ఎక్కని అదే స్వరం ఒకదానికొకటి తగిలి చురుక్కుమంటాయి. అది అచ్చుతప్పనుకుని సరిదిద్దకండి. ఆంగ్ల స్వరకర్తలు కావాలని పెట్టిన కారమది.

పాడే రోజు

గాలి కోసం కాకుండా శబ్దం కోసం చోటు ఎంచుకోండి. ఎత్తు కప్పు, ఖాళీ గోడలు ఉంటే మంచిది. చప్పట్లు కొట్టి ప్రతిధ్వని ఎంతసేపుందో చూడండి. ఎక్కువగా ఉంటే వేగం తగ్గించి హల్లులు పదును చేయండి. ప్రతిధ్వని లేని రేకుల షెడ్డో, తెరలు కట్టిన హాలో అయితే కాస్త వేగంగా, చిన్న పాటలు పాడండి. ఫ్యాన్లు ఆపించాలి, ఇది బతిమాలుకోవాల్సిన విషయం. గుడ్ ఫ్రైడే వచ్చేది మార్చి, ఏప్రిల్ ఎండల్లో. కనీసం పాడేవాళ్ల నెత్తిమీద తిరిగేవైనా ఆపితే చాలు.

అర్ధచంద్రాకారంలో, ఒకరి ముఖం ఒకరికి కనిపించేలా నిలబడండి. టెనర్, బేస్ మధ్యలో, పై గొంతులు అంచుల్లో. పాట మొదలయ్యే ముందు ఒక్కరే ఫోర్క్ వినాలి, మూసిన నోటితో స్వరం అందించాలి, అందరూ తమ స్వరాన్ని మనసులో వినాలి. అందరూ గొణిగి సరిచూసుకోవడం శ్రోతలకు విసుగు.

కార్యక్రమం 45 నిమిషాలు దాటనివ్వకండి. తోడు వాద్యం లేకుండా అంతకంటే ఎక్కువసేపు పాడితే చివరి రెండు పాటల్లో శ్రుతి చెబుతుంది. నాలుగు గొంతుల పాటల మధ్య చాంట్ పెట్టండి, గొంతులకూ చెవులకూ విశ్రాంతి. మాస్ పాడుతుంటే ఒకటి గుర్తుంచుకోండి: ఆ కాలపు ‘గ్లోరియా’ చాలావాటిలో మొదటి వాక్యానికి స్వరకర్త సంగీతం రాయలేదు, పూజ చేసే గురువు చాంట్‌లో ఎత్తుకుంటాడు, బృందం ‘ఎత్ ఇన్ తెర్ర పక్స్’ నుంచి అందుకుంటుంది. కచేరీలో ఆ ఎత్తుగడ మీలో ఒకరు పాడాలి, మీరు పెట్టుకున్న ఎత్తులోనే. పాటల మాటలూ తెలుగు అర్థమూ ఒక కాగితం మీద అచ్చువేసి అందరికీ పంచండి. పాటకూ పాటకూ మధ్య మైకులో వివరణలు ఇవ్వకండి. చప్పట్లు ఎక్కడెక్కడ కొట్టొచ్చో ఆ కాగితంలోనే రాయండి.

మైకులు వద్దు. తప్పదంటే సౌండ్ అతనితో ముందురోజే మాట్లాడండి. మనిషికో మైకు ఇచ్చి, ఎకో పెట్టి, మోనిటర్లు తిప్పడం ఆయనకు అలవాటు. మీకు కావాల్సింది రెండే మైకులు, మీకు రెండు మూడు మీటర్ల దూరంలో, తల కంటే కొంచెం ఎత్తులో, ఎకో లేకుండా. గొంతుల మధ్య సమతూకం మీరు చూసుకోవాల్సిన పని, మిక్సర్‌ది కాదని ఆయనకు నచ్చజెప్పడానికి ఒక కప్పు టీ సరిపోతుంది.